అడుగుల చప్పుడు కంటికి కనబడితే చాలు: పోటీ గేమ్స్‌లో బధిర పిల్లలకు చోటు ఎలా?

తిరుపతిలో కానీ చిత్తూరులో కానీ నలుగురు కాలేజీ కుర్రాళ్లు ఒకచోట చేరితే బీజీఎంఐ స్క్వాడ్ తయారైపోతుంది. బీజీఎంఐ అంటే బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా. పబ్‌జీ మొబైల్‌ను 2020 సెప్టెంబరులో మన దేశంలో నిషేధించాక, 2021 జులైలో దాని స్థానంలో వచ్చిన గేమ్ ఇది. కాలేజీ ఫెస్టుల్లో క్రికెట్, వాలీబాల్ పక్కన ఇప్పుడు దీనికీ ఒక పోటీ ఉంటోంది. చదువు పోతుందని అమ్మీ-అబ్బా కోప్పడటం, పిల్లలు దుప్పట్లో దూరి ఆడటం చాలా ఇళ్లలో చూస్తున్నదే.

అయితే ఈ ఆటలో చోటు దొరకని పిల్లలు కొందరున్నారు. వాళ్లకు ఫోన్ ఉంది, వేళ్లలో వేగం ఉంది, చూపు చురుకు. లేనిదల్లా వినికిడి. "నీకు వినపడదు కదా, నీతో ఎట్లా ఆడేది?" అన్న ఒక్క మాటతో వాళ్లు స్క్వాడ్ బయటే ఆగిపోతారు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వినికిడి లోపం ఉన్నవాళ్లు సుమారు 50 లక్షల మంది. వాళ్లలో మన పిల్లలూ ఉన్నారు.

మరి ఆ మాట నిజమేనా? చెవి వినకపోతే పోటీ గేమ్ ఆడలేరా? ఆడగలరు. కాకపోతే శబ్దంతో అందే సమాచారం కంటికి కూడా అందాలి. ఆ పని కొంత గేమ్ కంపెనీలు చేయాలి, కొంత టోర్నమెంట్ పెట్టేవాళ్లు చేయాలి, ఇంకొంత ఆ పిల్లోడితో కలిసి ఆడే ముగ్గురు దోస్తులు చేయాలి.

గేమ్‌లో శబ్దం అంటే కబురు

సినిమాలో సంగీతం లేకపోయినా కథ అర్థమవుతుంది. షూటింగ్ గేమ్స్‌లో అట్లా కుదరదు. అక్కడ ప్రతి చప్పుడూ ఒక కబురే. ఎడమవైపు అడుగుల చప్పుడు వచ్చిందంటే శత్రువు ఎడమ గోడ వెనక ఉన్నాడు. బండి శబ్దం దగ్గరవుతుంటే ఇంకో టీమ్ వస్తోంది. తుపాకీ మోతను బట్టి ఏ తుపాకీనో, ఎంత దూరమో అనుభవం ఉన్నవాళ్లు చెప్పేస్తారు.

ఇదంతా రెండు చెవులూ పనిచేస్తేనే సాధ్యం. కుడి నుంచి వచ్చే శబ్దం కుడి చెవికి కాస్త ముందుగా, కాస్త గట్టిగా చేరుతుంది. మెదడు ఆ చిన్న తేడాను పట్టుకుని దిక్కు తేలుస్తుంది. హెడ్‌ఫోన్‌లో గేమ్ చేసేదీ ఇదే లెక్క.

అందుకే ఒక చెవి మాత్రమే వినపడే పిల్లలకు కూడా ఇక్కడ ఇబ్బంది వస్తుంది. వాళ్లు మామూలుగా మాట్లాడతారు, ఫోన్ ఎత్తుతారు, క్లాసులో పాఠం వింటారు. చూసేవాళ్లకు ఏ లోపమూ కనబడదు. గేమ్‌లో మాత్రం చప్పుడు వినిపిస్తుందే తప్ప అది ఏ వైపు నుంచి వచ్చిందో తెలియదు. ప్రభుత్వ లెక్కలోనూ వీళ్లు రారు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం రెండు చెవుల్లోనూ 70 డెసిబెల్స్ నష్టం ఉంటే బధిరులనీ, 60 నుంచి 70 మధ్య ఉంటే వినికిడి తక్కువ ఉన్నవాళ్లనీ అంటుంది. ఒక చెవి బాగుంటే సర్టిఫికెట్ రాదు. కానీ ఆటలో నష్టం నష్టమే.

చేతులూ ఖాళీ లేవు, కళ్లూ ఖాళీ లేవు

రెండో చిక్కు మాటలది. స్క్వాడ్ గేమ్‌లో నలుగురూ మైక్‌లో మాట్లాడుకుంటూనే ఉంటారు. "వెనక్కి రా", "పైన ఉన్నాడు", "నాకు హెల్త్ లేదు" లాంటి మాటలు క్షణాల్లో చెప్పాలి, క్షణాల్లో అందాలి.

బధిరులు మామూలుగా రెండు దారుల్లో మాట్లాడుకుంటారు. ఒకటి సైగల భాష, రెండోది ఎదుటివాళ్ల పెదవుల కదలిక చూసి అర్థం చేసుకోవడం. సైగ చేయాలంటే చేతులు కావాలి. గేమ్‌లో రెండు చేతులూ ఫోన్ మీదే ఉంటాయి. పెదవులు చూడాలంటే తల తిప్పాలి. తల తిప్పిన క్షణంలో ఆట అయిపోతుంది. అంటే బయట రోజూ వాడుకునే రెండు దారులూ ఇక్కడ ఒకేసారి మూసుకుపోతాయి. అసలు అడ్డం ఇదే. దీన్ని చాలామంది గమనించరు.

మన ఇళ్లలో ఇంకో సంగతి కూడా ఉంది. ఇంట్లో దఖ్ఖనీ ఉర్దూ, బడిలో తెలుగు, గేమ్‌లో ఇంగ్లిష్. ఒకే వాక్యంలో మూడూ కలిసిపోతాయి. మాటను అక్షరాలుగా మార్చే యాప్‌లు ఒక భాషలో నింపాదిగా మాట్లాడితే బాగానే పనిచేస్తాయి. మూడు భాషలు కలిపి అరిస్తే తడబడతాయి. కాబట్టి యాప్ ఉంది కదా అని దాని మీదే భారం వేస్తే కుదరదు.

కంపెనీలు ఏం చేశాయి?

ఈ విషయంలో ఎక్కువగా చెప్పుకునే గేమ్ ఫోర్ట్‌నైట్. 2018లో దాని మొబైల్ వెర్షన్‌లో శబ్దాన్ని గుర్తుల రూపంలో చూపడం మొదలుపెట్టారు. 2019లో కంప్యూటర్లకు, కన్సోళ్లకు కూడా ఇచ్చారు. ఈ సెట్టింగ్ ఆన్ చేస్తే స్క్రీన్ మధ్యలో ఒక వలయంలా గుర్తులు వస్తాయి. అడుగుల చప్పుడు ఏ దిక్కున ఉంటే పాదం గుర్తు ఆ దిక్కున కనబడుతుంది. తుపాకీ మోతకు ఒక గుర్తు, పెట్టె శబ్దానికి ఇంకో గుర్తు. అదే 2019లో ఇవాక్ అనే పేరుతో ఆడే 13 ఏళ్ల బధిర ప్లేయర్‌ను అమెరికాలోని పేరున్న ఈ-స్పోర్ట్స్ సంస్థ ఫేజ్ క్లాన్ తమలో చేర్చుకుంది. జాలిపడి కాదు, ఆట చూసి.

మన పిల్లలు ఆడే బీజీఎంఐలో కూడా ఇలాంటిది ఉంది. స్క్రీన్ మూలన ఉండే చిన్న మ్యాప్‌లో దగ్గరలో ఎవరైనా నడిస్తే అడుగుల గుర్తు, కాలిస్తే తూటా గుర్తు వస్తాయి. వినికిడి బాగున్నవాళ్లు కూడా దీన్ని రోజూ చూస్తూనే ఉంటారు. అయితే దీనికి హద్దులున్నాయి. మ్యాప్ మూలన ఉంటుంది, పోరాటం స్క్రీన్ మధ్యలో జరుగుతుంది. మాటిమాటికీ మూలకు చూడాలంటే కన్ను అలసిపోతుంది. పైగా మ్యాప్ అంటే పైనుంచి చూసే బొమ్మ. శత్రువు మేడ మీద ఉన్నాడా, కింద గదిలో ఉన్నాడా అన్నది చెవికి తెలిసినంత సులువుగా అందులో తెలియదు.

మాటల చిక్కుకు దారి చూపింది 2019 ఫిబ్రవరిలో వచ్చిన అపెక్స్ లెజెండ్స్. అందులో మైక్ లేకుండానే ఒక్క బటన్‌తో తోటివాళ్లకు కబురు చెప్పొచ్చు. శత్రువు వైపు గురిపెట్టి నొక్కితే శత్రువు ఉన్నట్టు గుర్తు పడుతుంది, మందు మీద నొక్కితే మందు ఉన్న చోటు తెలుస్తుంది. దీన్నే పింగ్ అంటారు. 2021లో ఆ గేమ్ కంపెనీ ఈఏ ఈ పద్ధతి మీద తనకున్న పేటెంట్‌ను మిగతా కంపెనీలు కూడా వాడుకోవచ్చని ప్రకటించింది. బీజీఎంఐలోనూ మ్యాప్ మీద గుర్తు పెట్టడం, ముందే రాసి ఉన్న చిన్న సందేశాలు పంపడం ఉన్నాయి.

కంపెనీలు అన్నీ మంచితనంతోనే చేయలేదు. అమెరికాలో 2010లో వచ్చిన ఒక చట్టం కింద కమ్యూనికేషన్ సేవలన్నీ దివ్యాంగులకు అందుబాటులో ఉండాలి. వీడియో గేమ్స్‌కు ఇచ్చిన మినహాయింపు 2018 డిసెంబరు 31తో ముగిసింది. ఆ తర్వాత వచ్చే గేమ్స్‌లో చాట్ సౌకర్యాల విషయం ఆలోచించక తప్పలేదు. చట్టం ఉంటే పని జరుగుతుందనడానికి ఇదొక ఉదాహరణ.

ఇది మోసం కాదా?

శబ్దాన్ని గుర్తుల్లో చూపితే వినికిడి ఉన్నవాళ్లు చేసే ఫిర్యాదు ఒకటుంది. మేం కష్టపడి విని తెలుసుకునేదాన్ని వాళ్లకు బొమ్మ గీసి చూపిస్తున్నారు, ఇది న్యాయమా అని.

క్రికెట్‌నే తీసుకోండి. అంపైర్ ఫోర్‌కు చేయి ఊపుతాడు, సిక్స్‌కు రెండు చేతులూ ఎత్తుతాడు, ఔట్‌కు వేలు చూపిస్తాడు. అంత పెద్ద మైదానంలో నోటితో చెబితే ఎవరికీ వినపడదు కాబట్టే ఆ సైగలు. దాన్ని ఎవరూ మోసం అనలేదు. మసీదు గోడ మీద నమాజు వేళలు చూపే డిజిటల్ బోర్డు కూడా అలాంటిదే. అజాన్ వినపడనివాళ్లకు అది పనికొస్తుంది, వినపడేవాళ్లకూ పనికొస్తుంది.

ఫోర్ట్‌నైట్ చేసింది కూడా ఇదే. ఆ సెట్టింగ్ బధిరులకు మాత్రమే అని పెట్టలేదు. కావాల్సినవాళ్లు ఎవరైనా ఆన్ చేసుకోవచ్చు. అందరికీ ఒకటే అవకాశం ఉన్నప్పుడు అన్యాయం మాట రాదు. బధిరులకు మాత్రమే ఇస్తే "నువ్వు నిజంగా చెవిటివాడివేనా, రుజువు చూపించు" అనే పరిస్థితి వస్తుంది. ఒక చెవి మాత్రమే వినపడే పిల్లోడు ఆ రుజువు ఎక్కడ్నుంచి తేవాలి?

ఆటల ప్రపంచం ఈ ప్రశ్నకు ఎప్పుడో జవాబు ఇచ్చింది. బధిరుల అంతర్జాతీయ పోటీలు 1924లోనే పారిస్‌లో మొదలయ్యాయి. వాటినే ఇప్పుడు డెఫ్లింపిక్స్ అంటున్నారు. బాగా వినపడే చెవిలో కనీసం 55 డెసిబెల్స్ నష్టం ఉన్నవాళ్లే అర్హులు. పోటీ సమయంలో వినికిడి యంత్రాలు తీసేయాలి, అందరూ సమానంగా ఉండటానికి. పరుగు పందెంలో తుపాకీ మోతకు బదులు లైటు వెలుగుతుంది. ఫుట్‌బాల్‌లో రిఫరీ విజిల్‌కు బదులు జెండా ఎత్తుతాడు. ఆట మారలేదు, కబురు అందే దారి మాత్రం మారింది.

మన రాయలసీమ పేరు కూడా ఆ పోటీల్లో ఉంది. కర్నూలుకు చెందిన టెన్నిస్ క్రీడాకారిణి షేక్ జాఫ్రీన్, పృథ్వీ శేఖర్‌తో కలిసి మిక్స్‌డ్ డబుల్స్‌లో 2017లో తుర్కియేలోని సామ్సున్‌లో, 2022లో బ్రెజిల్‌లోని కాషియాస్ దో సుల్‌లో కాంస్య పతకాలు గెలిచారు. హైదరాబాద్ షూటర్ ధనుష్ శ్రీకాంత్ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో 2022లో స్వర్ణం గెలిచి, 2025 నవంబరులో టోక్యోలోనూ స్వర్ణం సాధించారు.

వినికిడి ఉన్నవాళ్లతో పోటీ పడి గెలిచినవాళ్లూ ఉన్నారు. దక్షిణ కొరియా టెన్నిస్ ఆటగాడు లీ డక్-హీ పుట్టుకతో బధిరుడు. 2019 ఆగస్టులో అమెరికాలోని విన్‌స్టన్-సేలంలో ఏటీపీ మెయిన్ డ్రా మ్యాచ్ గెలిచిన మొదటి బధిర ఆటగాడయ్యాడు. రాకెట్‌కు బంతి తగిలే శబ్దాన్ని బట్టి షాట్ వేగాన్ని అంచనా వేయడం టెన్నిస్‌లో మామూలు. ఆ శబ్దం లేకుండా కంటితోనే ఆయన ఆడాడు.

మన చట్టం ఏమంటోంది?

2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 30వ సెక్షన్ క్రీడల గురించే. అన్ని క్రీడల్లోనూ దివ్యాంగులు పాల్గొనేలా ఒకటి కంటే ఎక్కువ ఇంద్రియాలకు అందే సౌకర్యాలు కల్పించాలని అందులో ఉంది. మామూలు మాటల్లో చెప్పాలంటే, చెవికి చెప్పేది కంటికీ చెప్పాలి, కంటికి చూపేది చెవికీ వినిపించాలి.

మరి వీడియో గేమ్ క్రీడేనా? 2022 డిసెంబరులో కేంద్రం ఈ-స్పోర్ట్స్‌ను క్రీడల మంత్రిత్వ శాఖ పరిధిలోకి తెచ్చింది. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో ఈ-స్పోర్ట్స్‌కు పతకాలు ఇచ్చారు, అందులో పబ్‌జీ మొబైల్‌కు ప్రత్యేక వెర్షన్ కూడా ఉంది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పెట్టి ఆడే గేమ్స్‌ను నిషేధించి, ఈ-స్పోర్ట్స్‌ను మాత్రం ప్రోత్సహించాలని చెప్పింది. ఈ రెండు చట్టాలనూ పక్కపక్కన పెట్టి చదివితే ఒక ప్రశ్న వస్తుంది. క్రీడ అని ఒప్పుకున్నాక, క్రీడల్లో దివ్యాంగులకు ఇవ్వాల్సిన సౌకర్యం ఇక్కడ మాత్రం ఎందుకు ఇవ్వరు? టోర్నమెంట్ నిర్వాహకులను, కాలేజీలను, క్రీడా శాఖను ఈ ప్రశ్న అడగడానికి తల్లిదండ్రులకు ఆధారం ఉంది.

టోర్నమెంట్ పెట్టేవాళ్లు చేయగలిగినవి

పెద్ద ఖర్చేం లేదు. చాలావాటికి ఒక్క రూపాయి కూడా పట్టదు.

మొదటిది, చెప్పేదంతా రాతలో ఉండాలి. మన దగ్గర టోర్నమెంట్లలో రూమ్ ఐడీ, పాస్‌వర్డ్, ఆలస్యమైతే కొత్త టైము, రూల్స్‌లో మార్పు, అన్నీ మైక్‌లో చెబుతారు లేదా వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెడతారు. బధిర ప్లేయర్ ఆట మొదలుకాకముందే ఓడిపోయేది ఇక్కడే. అదే కబురును టైపు చేసి పెడితే చాలు.

రెండోది, శబ్దాన్ని చూపే గుర్తులు, పింగ్‌లు రూమ్‌లో ఆన్‌లో ఉంటాయా లేదా అన్నది ముందే రూల్స్‌లో రాయాలి. రూమ్ తయారుచేసేవాళ్ల చేతిలో చాలా సెట్టింగులు ఉంటాయి. ప్లేయర్ నెల రోజులు ఆ గుర్తులతో ప్రాక్టీస్ చేసి వస్తే, ఆ రోజు అవి లేకపోతే అది పోటీ అనిపించుకోదు.

మూడోది, మ్యాచ్ మొదలు, ఆపడం లాంటివి మైక్‌తో పాటు లైటుతోనో, ఎత్తిన జెండాతోనో చూపించాలి. స్క్వాడ్‌లో నలుగురినీ పక్కపక్కన కూర్చోబెడితే భుజం తట్టి చెప్పడానికి వీలవుతుంది.

నాలుగోది, రిజిస్ట్రేషన్ ఫారంలో ఒక్క గడి చాలు: "మీకు ఏదైనా సౌకర్యం కావాలా?" సర్టిఫికెట్ అడగక్కర్లేదు.

తిరుపతిలో ఇది చేయడం కష్టమేం కాదు. టీటీడీ నడిపే శ్రీ వేంకటేశ్వర బధిర పాఠశాల దశాబ్దాలుగా ఇక్కడే ఉంది. చిన్న పిల్లలకు వినడం, మాట్లాడటం నేర్పే శ్రవణం ప్రాజెక్టు కూడా ఇక్కడే నడుస్తోంది. సైగల భాష తెలిసిన టీచర్లు, పెద్దవాళ్లైన పాత విద్యార్థులు ఊళ్లోనే ఉన్నారు. ఒక ఫెస్టుకు ఒకరిని పిలిచి సలహా అడగడానికి ఎంతసేపు? భారతీయ సైగల భాష కోసం కేంద్రం 2015లో ఢిల్లీలో పెట్టిన సంస్థ 10,000 పదాల నిఘంటువును 2021లో విడుదల చేసింది. అది ఆన్‌లైన్‌లో ఎవరైనా చూడొచ్చు.

ఇంట్లో, దోస్తుల మధ్య చేయగలిగినవి

దోస్తులు ముందుగా కూర్చుని గుర్తులు ఒప్పుకోవాలి. పింగ్ ఒకసారి పెడితే "చూడు", వెంటవెంటనే రెండుసార్లు పెడితే "వెనక్కి రా" అన్నట్టు. చిన్న సందేశాల్లో ఏవి వాడాలో అయిదారు ఎంచుకుంటే సరిపోతుంది. వినపడే ముగ్గురూ కూడా మైక్‌తో పాటు ఇవి వాడటం అలవాటు చేసుకోవాలి. మనిషికో దిక్కు పంచుకుంటే ఇంకా మేలు. బధిర ప్లేయర్ వెనక వైపు కాపలా ఇంకొకరు తీసుకుంటే, ముందు వైపు అతని చూపు మొత్తం జట్టుకు బలం అవుతుంది.

ఒక చెవి మాత్రమే వినపడేవాళ్లకు ఫోన్‌లో యాక్సెసిబిలిటీ సెట్టింగుల్లో మోనో ఆడియో ఉంటుంది. రెండు వైపుల శబ్దాన్నీ కలిపి ఒకే చెవికి ఇస్తుంది. దీంతో దిక్కు తెలియదు కానీ ఏ చప్పుడూ తప్పిపోదు. దిక్కు కోసం మ్యాప్ చూసుకోవచ్చు. ఆట అయ్యాక కూర్చుని మాట్లాడుకోవడానికి గూగుల్ 2019లో తెచ్చిన లైవ్ ట్రాన్స్‌క్రైబ్ పనికొస్తుంది. మనం తెలుగులో మాట్లాడితే తెర మీద తెలుగు అక్షరాలు వస్తాయి.

వినికిడి కొంచెం మిగిలి ఉన్న పిల్లల విషయంలో ఒక జాగ్రత్త తప్పనిసరి. వినపడటం లేదని వాల్యూమ్ పూర్తిగా పెంచేస్తారు. ఉన్నది కూడా పోయే ప్రమాదం ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకారం పెద్దలకు 80 డెసిబెల్స్ శబ్దం వారానికి 40 గంటల వరకు, పిల్లలకు 75 డెసిబెల్స్ 40 గంటల వరకు సురక్షితం. శబ్దం 90 డెసిబెల్స్‌కు చేరితే పెద్దలకైనా వారానికి 4 గంటలే. గేమ్స్‌కు, వినికిడి నష్టానికి ఉన్న సంబంధం మీద 14 అధ్యయనాలను పరిశీలించి 2024లో వచ్చిన ఒక నివేదిక కూడా ఇదే హెచ్చరిక చేసింది. చెవిలో గుయ్‌మనే శబ్దం వస్తుంటే ఆట ఆపి, రుయా ఆసుపత్రిలోనో దగ్గర్లోని ఈఎన్‌టీ డాక్టరు దగ్గరో చూపించాలి.

సమయం, డబ్బు విషయాల్లో బధిర పిల్లోడికీ మిగతా పిల్లలకీ ఒకే రూల్ ఉండాలి. బీజీఎంఐలో 18 ఏళ్లలోపు వాళ్లకు రోజుకు 3 గంటలే అనుమతి. నమాజు, చదువు, నిద్ర తర్వాతే ఆట. పందెం డబ్బు పెట్టి ఆడే ఏ గేమ్ అయినా జూదమే, అది చట్టం ముందూ తప్పే, దీన్‌లోనూ తప్పే. పాపం పిల్లోడు కదా అని అతనికి హద్దు వదిలేయడం ప్రేమ కాదు. పాపం పిల్లోడు కదా అని ఆటలో పక్కన పెట్టడం కూడా ప్రేమ కాదు.

బధిర పిల్లలు ఎక్కువగా పోగొట్టుకునేది కప్పులు కావు, సాయంత్రాలు. గల్లీలో పిల్లలంతా ఒకచోట చేరి నవ్వుకుంటుంటే, ఎందుకు నవ్వుతున్నారో తెలియక పక్కన కూర్చునే సాయంత్రాలు. తెర మీద అందరికీ ఒకే బొమ్మ కనిపించే ఆట ఆ దూరాన్ని తగ్గించగలదు. స్క్వాడ్‌లో నాలుగో పేరు ఖాళీగా ఉన్నప్పుడు అతన్ని పిలవాలి. మొదటి నాలుగైదు మ్యాచ్‌లు ఓడిపోవచ్చు. ఆ తర్వాత ఎవరు ఎవరికి నేర్పుతున్నారో చెప్పడం కష్టం.